మందులు ఎవరికి ఉచితం?



డిశ్చార్జి రోజున మీలో చాలామంది అడిగే ప్రశ్న ఇది: "సిస్టర్, మాకు తెల్లకార్డు లేదు. సర్కారు మందులు మాకిస్తారా?" ఇస్తారు. అయితే రెండు సంగతులు వేరువేరుగా తెలుసుకోవాలి.

మొదటిది, ప్రభుత్వ ఆసుపత్రి మందులు. నాంపల్లి పక్కన పిల్లలకు నీలోఫర్ ఉంది. పెద్దలకు అబిడ్స్ దగ్గర కింగ్ కోఠి ఆసుపత్రి, అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఉన్నాయి. 2018 నుండి బస్తీ దవాఖానాలు కూడా వచ్చాయి. అక్కడి డాక్టరు రాసి, అక్కడే ఇచ్చే మందులకు డబ్బు లేదు, రేషన్ కార్డుతో పని లేదు. కాని మా ఆసుపత్రి చీటీ చూపితే అక్కడి కౌంటరులో మందులివ్వరు. అక్కడి డాక్టరుకు చూపించి కొత్త చీటీ రాయించుకోవాలి. పాత చీటీలు, రిపోర్టులు, మిగిలిన మాత్రలు వెంట తీసుకువెళ్ళండి. పేరు, రంగు మారినా లోపలి మందు ఒకటే కావచ్చు. పాతవి, కొత్తవి కలిపి వేస్తే మోతాదు రెట్టింపై ప్రమాదం.

రెండవది, ఆరోగ్యశ్రీ. ఇది 2007లో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుండి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల వరకు వర్తిస్తుంది. దీనికి ఆహార భద్రత కార్డు చూస్తారు. జాబితాలోని ఆపరేషన్లకు, చికిత్సలకే ఇది. నెలనెలా వాడే బి.పి., షుగరు మాత్రలకు కాదు. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి. 70 ఏళ్ళు నిండినవారికి 2024 అక్టోబరు నుండి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ కార్డు ఇస్తున్నారు. ఇది కూడా ఆసుపత్రిలో చేరినప్పటి చికిత్సకే.

క్షయ మందులు ధనిక, పేద తేడా లేకుండా అందరికీ ఉచితం. హెచ్.ఐ.వి. మందులు 2004 నుండి ఏ.ఆర్.టి. కేంద్రాలలో ఉచితంగా ఇస్తున్నారు.

ఎందుకింత చెప్తున్నానంటే, డబ్బు లేక బి.పి. మాత్ర మానినవారు పక్షవాతంతో తిరిగి వస్తుంటారు. క్షయ మందు మధ్యలో ఆపితే జబ్బు మొండికెత్తి, మామూలు మందుకు లొంగదు. ఒకచోట మందు స్టాకు లేకపోతే మరోచోట అడగండి, లేదా జన ఔషధి దుకాణంలో తక్కువ ధరకు కొనండి. ఇంట్లో నాలుగు రోజుల మాత్రలు మిగిలి ఉండగానే బయలుదేరండి. కార్డు లేదని మాత్రం మందు ఆపకండి.