పెద్దలలో ప్లీహపు కొలత

చలిజ్వరము విడువక పట్టిన పిల్లవానిని చూచి మన పల్లెలలో పెద్దలు “కడుపులో బల్ల పెరిగినది” అనెడివారు. ఆ బల్ల వేరొక గడ్డ కాదు. ఎడమ ప్రక్కటెముకల చాటున, జీర్ణాశయమునకు వెనుకగా అణగియుండు ప్లీహమే. సుమారు 120 దినములు బ్రదికి ముదిసిన ఎఱ్ఱ రక్తకణములను ఏరివేయుటయు, రోగక్రిములను పట్టుటయు దాని పని. ఆరోగ్యవంతుని ప్లీహము సాధారణముగా చేతికి తగులదు. అది దాదాపు రెండింతలై ఎముకల చాటు వీడినప్పుడు గాని వైద్యుని వ్రేళ్లకు దొరకదు. చేయి చెప్పునది ఆలస్యపు వార్త యన్నమాట.

అయినను ఆ చేతి పరీక్షయే చాలకాలము దేశమునకు ఉపకరించినది. 1840ల దశకమున యమునా కాలువల ప్రాంతములో డెంప్‌స్టరు అను వైద్యుడు ఊరివారి ప్లీహములను తడవి చూచి, ఆ ఊర మలేరియా ఎంత కలదో అంచనా కట్టెను. తరువాతి సర్వేలు ముఖ్యముగా 2 నుండి 9 ఏండ్ల పిల్లలనే ఎన్నుకొన్నవి. మలేరియా నిత్యనివాసమైన చోట్ల వయస్సు వచ్చిన కొలది దేహమునకు ఎదుర్కొను శక్తి అలవడి, పెద్దవారిలో ప్లీహము మరల తగ్గుచుండుటయే దీనికి కారణము. వయస్సును విడిచి ప్లీహమును చూడరాదని అప్పుడే తేలినది.

1958లో గ్లాస్గో నగరమున ఇయన్ డొనాల్డు, ఆయన సహచరులు ఉదరములోని గడ్డలను శబ్దతరంగములతో చూచిన విధమును ప్రకటించిరి. మన చెవి సెకనుకు 20 వేల కంపనములు దాటిన ధ్వనిని వినజాలదు. కడుపును చూచు యంత్రము సెకనుకు 35 లక్షలు, అంతకు పైబడిన కంపనములు పుట్టించును. ఈ సంఖ్య వినగానే రేడియో గల గృహస్థులకు షార్టువేవు గుర్తునకు రావచ్చును. కాని ఇది రేడియో తరంగము కాదు, అచ్చమైన శబ్దమే. అవయవములకు తగిలి మరలివచ్చు ప్రతిధ్వనియే తెరపై చిత్రమగును.

ఈ శబ్దమునకు గాలి బద్ధశత్రువు. అందుకే చర్మముపై జిగురు పూయుదుము. ప్లీహమునకు పైననే ఊపిరితిత్తి యుండుటచే చిక్కు మరింత కలదు. రోగి నిండుగా ఊపిరి పీల్చినచో ఊపిరితిత్తి తెరవలె దిగి ప్లీహపు పై కొనను కప్పివేయును. కుడి ప్రక్కకు ఒత్తిగిలి, మితముగా పీల్చి ఆపుమని మేము కోరుట ఇందులకే. రెండు కొనలును ఒక్క చిత్రమున స్పష్టముగా కనబడినప్పుడు వాని నడుమ గల అత్యధిక దూరమును కొలుతుము.

పూర్వము వైద్యవిద్యార్థులు ప్లీహపు లెక్కను బేసి సంఖ్యలతో వల్లించెడివారు: మందము 1 అంగుళము, వెడల్పు 3, పొడవు 5, బరువు 7 ఔన్సులు, స్థానము 9వ ప్రక్కటెముక నుండి 11వ దాని వరకు. ఈనాడు పలుచోట్ల పొడవునకు 12 సెంటీమీటర్లు హద్దుగా పెట్టుకొందురు, కొందరు 13 అందురు. వల్లించుటకు బాగుగనే యున్నది కాని, మనుష్యులందరు ఒక్క అచ్చున పోసినవారు కారు. పురుషుల ప్లీహము స్త్రీల దానికంటె సగటున పెద్దది. ఎత్తరులైన క్రీడాకారులను పరీక్షింపగా, ఏ జబ్బును లేనివారిలో సైతము 12 దాటినది కనబడినది.

ఇక వయస్సు. బాల్యము నుండి యౌవనము వరకు ప్లీహము పెరుగును. నడివయస్సున పెద్ద మార్పు కానరాదు. ముదిమిలో, విశేషించి అరువదియేండ్లు దాటిన పిదప, అందలి రోగనిరోధక కణజాలము తరిగి, సన్నని రక్తనాళములు గట్టిపడి, ప్లీహము క్రమముగా కుదించుకొనును. ఇప్పుడు ఇరువురిని ఊహింపుడు. ఆరడుగుల యువకుని కొలత 12.5 సెంటీమీటర్లు. పొట్టిగా, బక్కపలుచగా నున్న డెబ్బదియైదేండ్ల అవ్వ కొలత 11.8. రిపోర్టులో యువకునిది పెరిగినదనియు అవ్వది సరియైనదనియు పడును. ఆ ఇంట భయము, ఈ ఇంట నిశ్చింత. మా దృష్టిలో విచారింపవలసినది అవ్వ విషయము. కుదించుకొనవలసిన వయస్సున అంత పొడవు ఏల యున్నదని అడుగవలెను. కాలేయపు జబ్బు, రక్తమునకు సంబంధించిన క్యాన్సరు మొదలగునవి ముసలితనమున ప్లీహమును పెంచును. రక్తపరీక్ష చేయించుట ఆమెకు మేలు కావచ్చును. యువకునకు జ్వరము, నీరసము, రక్తహీనత లేనిచో అతని ఎత్తును కూడ లెక్కించి చూడవలెను.

చిన్నదైనంత మాత్రమున నిర్భయమని కాదు. మన గిరిజన ప్రాంతములలో కనబడు సికిల్ సెల్ వ్యాధిగ్రస్తులలో పలువురికి బాల్యమున పెరిగిన ప్లీహము, పెద్దవారగుసరికి ఎండిన ముద్దవలె ముడుచుకొనిపోవును. ముప్పదియేండ్లవానిలో అది తెరపై దొరకకపోయిన, వయోధర్మమని త్రోసివేయరాదు.

ఒక్కొక్కప్పుడు ఒకే దినమున ఇరువురు కొలిచిన కొలతలకే కొలది మిల్లీమీటర్ల భేదము వచ్చును. గీత ఏటవాలుగా పడినను, ఊపిరి మారినను చాలును. కనుక ఆరు నెలల క్రిందటి చిత్రము, రిపోర్టు ఇంట నున్నచో వెంట తీసికొని రండు. ఎత్తును, వయస్సును కాగితముపై వ్రాయించుడు. అవి లేని అంకెను మా చేతికిచ్చి “ఇది సరియేనా?” అని అడిగినచో మేమును చప్పున బదులు చెప్పజాలము.