పటంలో మాయమైన ఎలివేటర్లు
(సంఘం అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కెనడాలో గోధుమ పండే దక్షిణ సస్కాచెవాన్ మైదానాల పటం ఇది. దీని మీద రెండు సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. ముందుగా కనపడేది గళ్లు. 1872 నాటి డొమినియన్ ల్యాండ్స్ చట్టం కింద నేలను మైలుకొక గడి చొప్పున కోశారు. గడికి 640 ఎకరాలు. అందులో నాలుగో వంతు, 160 ఎకరాలు, 10 డాలర్ల రుసుముకు వలస రైతుకిచ్చారు. ఆ నేల ఆదివాసులది. 1874లో నాలుగో ఒప్పందం జరిగాక వాళ్లకు మిగిలింది పటంలో విడిగా గీసిన రిజర్వులే.

ఇప్పుడు రైలు గీత చూడండి. దాని వెంట ధాన్యం ఎలివేటర్ల గుర్తులుంటాయి. గుర్రపు బండి మీద గింజలు తోలి అదే రోజు ఇంటికి చేరగలిగే దూరంలో వాటిని కట్టారు. కొత్త పటాల్లో చాలాచోట్ల ఆ గుర్తులు లేవు. రైలు ఉన్నచోట వదిలేసిన దారి అని ఉంది. 1995లో ధాన్యం రవాణా రాయితీ ఎత్తేశాక శాఖా లైన్ల మూత వేగం పుంజుకుంది. 1924లో రైతులు పెట్టుకున్న వీట్ పూల్ సహకార సంఘం 1996లో షేర్ మార్కెట్‌కెక్కింది. దగ్గరి ఎలివేటర్ పోయిన రైతు సొంత లారీతో దూరం తోలాలి, ఆ కిరాయి అతని నెత్తినే.

గుర్తు పోయిందని పటం చెబుతుంది, ఖర్చు ఎవరిమీద పడిందో చెప్పదు. మన ఊరి పాత నక్షా, కొత్త నక్షా పక్కపక్కన పెట్టండి. చెరువు శిఖం ఎంత తగ్గింది? బండ్ల బాట ఎవరి కంచెలో కలిసింది? రాసుకుని వచ్చే సమావేశానికి తీసుకురండి.