మెసేజ్ ఎవరు పంపిండ్రో చూసి నమ్ముదాం



పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు అందరూ చెప్పిండ్రు. మేము మా సంఘంల జరిగిన ఒక ముచ్చట చెప్తం. ఆ అక్కనే చెప్పుమన్నది, పేరు మాత్రం వద్దన్నది.

కిస్తీ కట్టే ముందురోజు ఆమెకు మెసేజ్ వచ్చింది. కేవైసీ చేయకుంటే ఖాతా ఆగిపోతదని ఉంది. వెంటనే ఫోన్ కూడా వచ్చింది. ఆమె భయపడి ఓటీపీ చెప్పింది. కిస్తీకి దాచిన 8,000 రూపాయలు పోయినయి. ఇంట్ల చెప్పలేదు, నాలుగు రోజులు మాకూ చెప్పలేదు. మేమేమో కిస్తీ ఎగ్గొట్టిందని నోరు జారినం. అది మా తప్పు. తర్వాత 1930కి ఫోన్ చేసినం గానీ అప్పటికే ఆలస్యమైంది, డబ్బులు రాలేదు. ఆ నెల కిస్తీ మా పొదుపు నుంచి అప్పుగా ఇచ్చి కట్టించినం.

ఆమె ఫోన్ చూస్తే ఆ మెసేజ్ పది అంకెల మామూలు నంబరు నుంచి వచ్చింది. బ్యాంకులు, గవర్నమెంటు ఆఫీసులు పంపే మెసేజ్‌ల మీద నంబరు కాకుండా ఇంగ్లీషు అక్షరాల పేరు ఉంటది. మొదటి రెండు అక్షరాలు నెట్‌వర్క్‌ను, సర్కిల్‌ను చెప్తయి. తర్వాత పంపినోళ్ల పేరు. 2025 నుంచి ట్రాయ్ చివర ఇంకో అక్షరం పెట్టించింది. పీ అంటే ప్రచారం, ఎస్ అంటే సేవ, టీ అంటే లావాదేవీ, జీ అంటే గవర్నమెంటు. అట్లని అక్షరాలున్న ప్రతి మెసేజ్‌నూ కండ్లు మూసుకొని నమ్మొద్దు. ఓటీపీ అడిగితే ఎవరైనా సరే దొంగనే అనుకోవాలి. వాట్సాప్‌ల బ్యాంకు బొమ్మ ఎవరైనా పెట్టుకోవచ్చు.

ఇంకో మాట. మెసేజ్ అంటే మూతలేని సద్దిగిన్నె లాంటిది. ఫోన్ చేతుల ఉన్నోళ్లంతా చూస్తరు. ఫోన్ తాళం వేసి ఉన్నా ఓటీపీ పైన కనబడుతది, సెట్టింగుల దాన్ని దాచిపెట్టుకోవచ్చు. మనలో చానామందికి బ్యాంకుల ఇచ్చిన నంబరు భర్తదో, కొడుకుదో ఉంటది. అప్పుడు మన ఖాతా ముచ్చట మనకంటే ముందు వాళ్లకు తెలుస్తది. రీచార్జి చేయక వదిలేసిన నంబరును కంపెనీ కొన్నాళ్లకు వేరేవాళ్లకు ఇస్తది. అది బ్యాంకుల మార్చకుంటే మన మెసేజ్‌లు ఎవరికో పోతయి.

అందుకని మా సంఘం మూడు తీర్మానాలు రాసుకున్నది. ఒకటి, ప్రతి సభ్యురాలి ఖాతాకు ఆమె సొంత నంబరే ఉండాలి. రెండు, పాసుబుక్కు, ఆధార్ ఫొటోలు, కిస్తీ ఆగినోళ్ల పేర్లు గ్రూపుల పెట్టొద్దు. మూడు, ఎవరైనా మోసపోతే ముందు 1930, ఆ తర్వాతనే మిగతా మాటలు. ఎంత తొందరగా చెప్తే డబ్బులు ఆపే వీలు అంత ఎక్కువ.

ఆ అక్క ఇప్పుడు ప్రతి మీటింగుల ముందు కూసుంటది. కొత్త మెసేజ్ వస్తే అందరం ఆమెకే చూపిస్తం. మోసపోయినామెకు సిగ్గెందుకు? సిగ్గుపడాల్సింది మోసం చేసినోడు.