పన్నెండో తేదీ లోపు జాగ్రత్త
(విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గోవాడ చక్కెర ఫ్యాక్టరీ లెక్కల విభాగంలో పనిచేసిన రోజుల్లో కాటా చీటీకీ, చెరకు రైతు బిల్లుకీ, లెడ్జరుకీ అంకె కలిస్తేనే సంతకం పెట్టేవాణ్ణి. అటువంటి నేను రిటైరయ్యాక ఇంటి లెక్కలో పప్పులో కాలేశాను. మరొకరు ఆ పొరపాటు చెయ్యకూడదనే ఈ నాలుగు మాటలు.

పెన్షను, డిపాజిట్ల వడ్డీ, మందుల ఖర్చు కంప్యూటర్లో రాసుకోవాలని గ్నూక్యాష్ అనే ఉచిత ప్రోగ్రాం పెట్టించుకున్నాను. 2023 జనవరి నుంచి డిసెంబరు వరకు బ్యాంకు స్టేట్‌మెంటును సి.ఎస్.వి. ఫైలుగా దింపుకుని, ముందు ఎక్సెల్‌లో తెరిచి సర్దాను. ఆ కంప్యూటరు అమెరికా పద్ధతిలో ఉంది. అక్కడ నెల ముందు, రోజు తరువాత. 07/06/2023 అంటే మనకు జూన్ 7, దానికి జూలై 6. పన్నెండు దాటిన తేదీలను నెలగా చదవలేక అలాగే వదిలేసింది. వాటిని మాత్రం చేత్తో దిద్దాను. డిసెంబరు ఆఖరు నిల్వ పైసాతో సహా కలిసింది. ఇంకేం, అంతా సరే అనుకున్నాను.

తర్వాత చూస్తే జూలై 6న ఏటీఎంలో 20,000 రూపాయలు తీసినట్టుంది! ఆ రోజు నేను విశాఖలో కంటి ఆపరేషనై పడుకుని ఉన్నాను. కార్డు మా అబ్బాయి దగ్గర ఉంది. "కావలిస్తే అడగొచ్చు కదరా" అన్నాను. వాడు మారుమాట లేకుండా అన్నం ముందు నుంచి లేచిపోయాడు. మర్నాడు మా ఆవిడ పాస్‌బుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. జూన్ 7. ఇంటి మరమ్మతుకు నేనే తీసిన డబ్బు. వాడి దగ్గరకు వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను.

మూడు జాగ్రత్తలు మనవి చేస్తాను. ఒకటి, ఫైలును ఎక్సెల్‌లో మార్చకుండా నేరుగా ప్రోగ్రాంలోకి తీసుకుని, అది అడిగినప్పుడు రోజు-నెల-సంవత్సరం అనే వరుస ఎంచుకోండి. రెండు, మీ బ్యాంకు ఓ.ఎఫ్.ఎక్స్. ఫైలు ఇస్తే అదే మేలు. 1997లో వచ్చిన ఆ పద్ధతిలో తేదీ ఎప్పుడూ సంవత్సరం, నెల, రోజు వరుసలోనే ఉంటుంది. ప్రతి పద్దుకూ గుర్తింపు సంఖ్య ఉంటుంది కనుక ఒకే పద్దు రెండుసార్లు ఎక్కకుండా పట్టుకోవచ్చు. పాత క్యూ.ఐ.ఎఫ్. ఫైళ్ళలో ఈ రెండు సదుపాయాలూ లేవు. మూడు, ఏడాది ఆఖరు నిల్వ ఒక్కటే చూసి నమ్మకండి. తేదీలు తారుమారైనా కూడిక మారదు. ప్రతి నెలాఖరు నిల్వనూ పాస్‌బుక్కుతో సరిచూడండి.

కాటా చీటీ చూడనిదే బిల్లు పాసు చెయ్యనివాళ్ళం, పాస్‌బుక్కు చూడనిదే పిల్లల్ని మాట అనకూడదు.