క్లబ్బు కొలువు - దేశపు పిలుపు
(పఠనమందిరమున గావించిన ఉపన్యాసము యొక్క పాఠము)



ఫుట్‌బాలు ఆటను గూర్చి పఠనమందిరమున ఉపన్యసింప బూనుట కొందరికి వింతగా దోపవచ్చును. పత్రికలో ఆటల పుట కడపటిది. పిల్లలు దానిని మొదట చదువుదురు, పెద్దలు చదువకయే మడిచి పెట్టుదురు. అయినను నేడు మేము విన్నవింపబోవునది బంతికి మాత్రమే సంబంధించినది గాదు. ఒక మనుష్యునికి జీతమిచ్చి పోషించు సంస్థ యొకటి. వానిని తనవాడని పిలుచుకొను దేశ మింకొకటి. రెండును ఒకే దినమున రమ్మన్నచో వా డెక్కడికి పోవలెను? పోయినచోట కాలు విరిగినచో వైద్యమున కెవరు, జీతమున కెవరు బాధ్యులు? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పలేకపోవుటవలన మన దేశమున కెంత తలవంపు గలిగినదో మొదట చెప్పెదము.

2023వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన చైనాదేశమందలి హాంగ్‌ఝౌ నగరమున ఆసియా క్రీడలలో మన జట్టు చైనా జట్టుతో తలపడెను. మనవారు ఆ నగరమున అడుగిడినది ముందటి దినముననే. కూడి అభ్యాసము చేసికొనుటకు వ్యవధి లేదు. ప్రయాణపు బడలిక తీరుటకైనను వ్యవధి లేదు. అయినను మొదటి సగము ముగియు వేళకు రాహుల్ కె. పి. అద్భుతమైన గోలు కొట్టి లెక్క సరిచేసెను. తరువాత కాళ్లలో సత్తువ లేకపోయెను. చైనావారు రెండవ సగమున నాలుగు గోలులు కొట్టి 5-1 గా గెలిచిరి. ఓడినవారిని నిందించుటకు మాకు మనసొప్పదు. నిదురలేని మనుష్యు లింతకన్న ఏమి చేయగలరు?

ఆ దురవస్థకు కారణ మేమి? సమాఖ్యవారు మొదట ప్రకటించిన జాబితాలోని ఆటగాండ్రలో అనేకులను వారి క్లబ్బులు విడిచిపెట్టుట కొప్పుకొనలేదు. ఇండియన్ సూపర్ లీగు పోటీలు అదే సెప్టెంబరు 21న ప్రారంభము కావలసి యుండెను. కడకు చేతికి చిక్కినవారిని గూర్చుకొని, బెంగుళూరు క్లబ్బు విడిచిన సునీల్ ఛెత్రీని ముందు నిలువబెట్టుకొని జట్టు బయలుదేరెను. ఆ ఛెత్రీయే పెనాల్టీతో బంగ్లాదేశముపై జట్టును గెలిపించెను. మయన్మారుతో సరిసమానము చేసెను. 16 జట్ల ఘట్టమున సౌదీ అరేబియా 2-0 గా మనవారిని ఇంటికి బంపెను. ఇందులో మరియొక వింత గలదు. ఆసియాలో మొదటి ఎనిమిది స్థానములలో లేని జట్టును పంపవలదని ప్రభుత్వమువారు మొదట నియమము పెట్టిరి. అప్పటి శిక్షకుడు ఇగోర్ స్టిమాచ్ ప్రధానమంత్రికి బహిరంగముగా విన్నపము చేసికొనగా, జూలై నెలలో ఆ నియమము సడలింపబడెను. ప్రభుత్వపు తలుపు తెరచుకొనెను. క్లబ్బు తలుపు మూసికొనెను.

క్లబ్బులు చట్టము నుల్లంఘించినవా? లేదు. ఈ మాట మనలో ననేకులకు రుచింపదు, కాని యిది నిజము. ప్రపంచ ఫుట్‌బాలు సమాఖ్య యగు ఫిఫా ఏటేట కొన్ని దినములను దేశముల కొరకు ప్రత్యేకించి యుంచును. సామాన్యముగా సోమవారము మొదలు మరుసటి వారపు మంగళవారము రాత్రి వరకు తొమ్మిది దినములు. పదునైదు దినములు ముందుగా వ్రాతమూలకముగా పిలిచినచో ఆ దినములలో క్లబ్బు తన యాటగానిని విడువక తప్పదు. విడువనిచో, ఆ గడువు ముగిసిన పిమ్మట మరి యైదు దినములు వానిని తానును ఆడింపరాదు. ప్రపంచ కప్పునకును, ఆయా ఖండముల ప్రధాన జాతీయ పోటీలకును ఇదే విధి. ఈ దినములకు వెలుపల నున్న పిలుపు పిలుపే గాని ఆజ్ఞ గాదు. ఆసియా క్రీడలు ఆ వెలుపలివి.

ఈ తగవు మనకు మాత్రమే పుట్టినది గాదు. 2008లో బీజింగు ఒలింపిక్ క్రీడలకు అర్జెంటీనా జట్టు లియొనెల్ మెస్సీని పిలిచెను. బార్సెలోనా క్లబ్బువారు అడ్డుచెప్పి క్రీడా మధ్యవర్తి న్యాయస్థానమున కెక్కిరి. ఒలింపిక్ క్రీడలు ఫిఫా దినపట్టికలో లేవు గనుక విడువవలసిన విధి క్లబ్బునకు లేదని ఆగస్టు 6న తీర్పు వచ్చెను. కాని తీర్పు గెలిచినవారే వానిని పోనిచ్చిరి! క్రొత్తగా శిక్షకుడైన పెప్ గార్డియోలా, మనసు బీజింగులో నుంచుకొని కాళ్లు మాత్రము తనకిచ్చు ఆటగాడు పనికిరాడని గ్రహించెను గాబోలు. అర్జెంటీనాకు స్వర్ణపతకము దక్కెను.

2021 సెప్టెంబరులో జరిగినది ఇంతకన్న విపరీతము. మహమ్మారి దినములు. కొన్ని దేశములకు పోయి వచ్చినవారు పది దినము లేకాంతమున నుండవలెనని ఇంగ్లండు ప్రభుత్వము శాసించి యుండుటచే, అక్కడి క్లబ్బులు తమ యాటగాండ్రను ఆ దేశములకు పంపమనిరి. అయినను నలుగురు అర్జెంటీనావారు వెడలిపోయిరి. సావోపౌలోలో బ్రెజిలు జట్టుతో ఆట మొదలైన కొలది నిమిషములకే ఆ దేశపు ఆరోగ్యాధికారులు మైదానములోనికి వచ్చి ఆటను నిలిపివేసిరి. లోకమున మిక్కిలి పేరుగాంచిన రెండు జట్ల పోటీ అర్ధాంతరముగా నాగిపోయెను.

ఇక ధనము మాట. జాతీయ జట్టు కొరకు ఆడుచు గాయపడిన వాని నష్టమును చిరకాలము క్లబ్బులే మూగగా భరించెను. బెల్జియము దేశమున చార్లెరోయి యను చిన్న క్లబ్బు గలదు. దాని ఆటగాడు అబ్దెల్‌మజీద్ ఉల్మెర్స్ 2004 నవంబరులో మొరాకో దేశపు పక్షమున ఆడుచు తీవ్రముగా గాయపడి నెలల తరబడి ఆటకు దూరమయ్యెను. ఆ క్లబ్బు ఫిఫాపై దావా వేసెను. ఐరోపాలోని ధనవంతములగు క్లబ్బుల కూటమి ఆ చిన్నదాని వెనుక నిలిచెను. పెద్ద చేపలు చిన్న చేప నడ్డము పెట్టుకొని యుద్ధము చేసినవని కొందరనిరి. అందు సత్యము లేకపోలేదు. 2008 జనవరిలో రాజీ కుదిరెను. నాటినుండి ప్రపంచ కప్పు ఆదాయములో క్లబ్బులకు భాగ మేర్పడెను. 2010లో 4 కోట్ల డాలర్లు. 2022లో 20 కోట్ల 90 లక్షలు. 2026 పోటీల నిమిత్తము 35 కోట్ల 50 లక్షలు. 2012 మొదలు భీమాయు నేర్పడెను. జాతీయ పోటీలో గాయపడి 28 దినములకు మించి ఆడలేనివాని జీతమును దినమునకు 20,548 యూరోల వరకు, ఒక ప్రమాదమునకు 75 లక్షల యూరోలకు మించకుండ, ఫిఫాయే క్లబ్బునకు చెల్లించును. కాని ఈ భీమా ప్రధాన జాతీయ జట్టునకు, అదియును దినపట్టికలోని దినములకు. గడువునకు ముందు సమాఖ్య తానై పెట్టుకొన్న శిబిరమున వాడు కాలు విరుగగొట్టుకొన్నచో ఆ భారము మరల క్లబ్బు నెత్తిననే పడును. మన దేశపు తగవు సరిగా ఇక్కడనే యున్నది.

మోహన్ బగాన్ పేరు వినని భారతీయు డుండడు. 1911 జూలై 29న ఆ క్లబ్బువారు ఒక్కరు తప్ప అందరును వట్టికాళ్లతో ఆడి, ఈస్ట్ యార్క్‌షైర్ తెల్లదొరల పటాలమును 2-1 గా నోడించి ఐ. ఎఫ్. ఏ. షీల్డును గైకొనిరి. ఆనాడు మనకు జాతీయ జట్టన్నది లేదు. ఆ క్లబ్బే దేశము. దానికి జై కొట్టినవారు దేశమునకే జై కొట్టిరి. 1948లో స్వతంత్ర భారతము లండను ఒలింపిక్ క్రీడలకు పంపిన తొలి జట్టునకు నాయకుడైన తాలిమెరెన్ ఆవో ఆ క్లబ్బువాడే. అట్టి మోహన్ బగాన్ 2025 ఆగస్టులో క్రొత్త శిక్షకుడు ఖాలిద్ జమీల్ బెంగుళూరున నేర్పరచిన శిబిరమునకు తన యాటగాండ్రను బంపలేదు. శిబిరము ఫిఫా గడువునకు వెలుపలిదని వారి వాదము. తమ నాయకుడు దేశము కొరకు ఆడుచు గాయపడినపుడు తమ మొర నాలకించినవారు లేరనియు వారు చెప్పిరి. వారిని దేశద్రోహులని తిట్టిపోసినవారు గలరు. ఆ తిట్టును మేము తిట్టజాలము. జమీల్ ఉన్నవారితోనే తజికిస్తానమునకు బోయి, ఆతిథేయ జట్టును 2-1 గా గెలిచి, సెప్టెంబరు 8న ఓమానును పెనాల్టీలలో నోడించి మూడవ స్థానము సంపాదించెను. అది మెచ్చదగినది. కాని మరునెలలోనే గోవాలో సింగపూరు చేతిలో 1-2 గా నోడుటతో 2027 ఆసియా కప్పు ద్వారము మనకు మూతపడెను. ఆ యోటమికి శిబిరమే కారణమని చెప్పుట అతిశయోక్తి. శిబిరమునకు సంబంధము లేదనుటయు అంతే.

పూర్వ మీ తగవు ఇంతగా లేకపోవుటకు హేతువును మన హైదరాబాదు చరిత్రయే చెప్పగలదు. సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడు. భారత జట్టునకును ఆయనయే శిక్షకుడు. పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్సు కప్పును గెలిచెను. భారత జట్టు 1951లోను 1962లోను ఆసియా స్వర్ణమును, 1956 మెల్బోర్ను ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానమును బొందెను. క్లబ్బు పెద్దయు దేశపు పెద్దయు ఒకే మనుష్యుడైనచో జగడ మెవరితో? పైగా ఆ యాటగాండ్రు పోలీసు ఉద్యోగులు; జీత మిచ్చునది సర్కారు. దేశమునకై పోయిన దినములు వారికి కొలువులోని దినములే. 1963లో రహీం సాహెబు గతించెను. ఆ యేర్పాటును క్రమముగా గతించెను. దానిని మరల తేవలెనని మేము కోరము. పోలీసు శాఖ కొలువుపై ఆధారపడిన ఆట ఎల్లకాలము నిలువదు.

నేటి క్లబ్బు వర్తకుల మూలధనముతో నడచును. 2010లో సమాఖ్యవారు తమ వాణిజ్యపు హక్కులను 700 కోట్ల రూపాయలకు 15 ఏండ్లపాటు ఒక కూటమికి ఒప్పగించిరి. 2025లో ఆ యొడంబడిక గడువు తీరవచ్చుచుండగా క్రొత్తది కుదరక లీగు సకాలమున మొదలు కాలేదు. కొన్ని క్లబ్బులు ఆటగాండ్ర జీతములు నిలిపివేసెను. జీతము నిలిచినవాడు దేశపు శిబిరమున చెమటోడ్చుట ఎట్టి విచిత్రము! మన హైదరాబాదు క్లబ్బు సంగతియే చూడుడు. 2022 మార్చి 20న కేరళ జట్టును పెనాల్టీలలో గెలిచి లీగు కప్పును తెచ్చిన క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలి, పేరైనను మార్చుకొనెను. రహీం నగరమునకు ఆ లీగులో నేడొక జట్టు లేదు. క్లబ్బులు నశించిన పిమ్మట దేశ మెవరిని పిలుచును?

కావున మా యభిప్రాయ మిది. దేశపు పిలుపు గొప్పది. అందు సందేహము లేదు. కాని దేశము వేరు, సమాఖ్య కార్యాలయము వేరు. లీగు దినములను నిర్ణయించుటలో పాలుగలదియు సమాఖ్యయే, శిబిరము పెట్టునదియు సమాఖ్యయే. ఆసియా క్రీడల తేదీలు నెలల ముందుగా లోకమునకెల్ల తెలిసియుండగా, అవే దినములలో లీగు ప్రారంభము కానిచ్చి, పిదప క్లబ్బులకు దేశభక్తి బోధించుట అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లున్నది. శిబిరము కావలెనన్నచో లీగు మొదలుకాకమునుపే దాని తేదీలు క్లబ్బుల చేతిలో నుండవలెను. ఆ దినములకు భీమా రుసుము సమాఖ్య పెట్టెనుండి చెల్లవలెను. ఇంత చేసిన తరువాత గూడ ఆటగానిని పంపని క్లబ్బును ఎంత కఠినముగా శిక్షించినను మేము కాదనము. దేశమును కేవలము ఖర్చుగా లెక్కించు యజమానుని యెడల మా కేమియు జాలి లేదు.

ఆటగాని నోట మాత్రము ఈ విషయమున మాట రాదు. పుట్టినింటివారు పండుగకు రమ్మందురు, అత్తవారు పొలము పనులనందురు; కోడలు ఎవరి మాట వినినను దోషియే. వాని ఆటకాలము పది పండ్రెండేండ్లు. మోకాలు ఒకమారు చెడినచో అందులో ఒక యేడు పోవును. అట్టివానిని పత్రికాముఖమున ఇరుప్రక్కల లాగుట పెద్దమనుష్యుల పని గాదు.

పనులు సవ్యముగా జరుగునప్పు డెట్లుండునో చూడవలెనన్నచో మన స్త్రీల జట్టును చూడుడు. 2025లో వారి దేశవాళీ లీగు ఏప్రిల్ నెలలో ముగిసెను. ఆ తరువాతనే బెంగుళూరున శిబిరము సాగెను. క్లబ్బులతో పోరు లేదు, ఉత్తరముల యుద్ధము లేదు. జూలై 5న చియాంగ్ మై నగరమున తమకంటె పై స్థానముననున్న థాయిలాండు జట్టును దాని సొంత నేలమీద 2-1 గా నోడించి, వారు 2026 ఆసియా కప్పునకు అర్హత సంపాదించిరి. ఆ జట్టులో ఈస్ట్ బెంగాల్ క్లబ్బున ఆడుచున్న నిజామాబాదు వైపు పిల్ల సౌమ్య గుగులోతు గూడ నుండెను.