ముదిరే కొద్దీ వెలిసే ఎరుపు

టౌన్ హాల్లో మైకు గరగర తగ్గకముందే రసాయనశాస్త్రం మేష్టారు అందుకున్నారు. ‘రెడ్ వైన్ తాగితే రక్తం పడుతుందనేవాళ్లు ఎంతమంది?’ నాలుగైదు చేతులు లేచాయి. ‘దించండి! రక్తం ఎరుపు హీమోగ్లోబిన్‌ది. వైన్ ఎరుపుకి చుట్టరికమంతా నేరేడుపండు తొక్కతో.’

ఆ రంగులు ఆంథోసయనిన్లు. అంటే ఏమిటని ఎవరూ అడగలేదు, ఆయనా ఆగలేదు. రంగంతా తొక్కలోనే ఉంటుందనీ, అందుకే పినో నువార్ అనే నల్లద్రాక్షతో తెల్లటి షాంపేన్ చేస్తారనీ చెబుతూ బల్ల మీద రెండు గ్లాసులు పెట్టారు. ఒకదాంట్లో నిరుటి వైన్, ఊదా మెరుపుతో. రెండోది పదిహేనేళ్ల బోర్డో, అంచున ఇటుక రంగు. రెంటిలోనూ చిటికెడు మెటాబైసల్ఫైట్ వేసి కలిపారు.

కొత్తది చూస్తుండగానే పాలిపోయింది. పాతది పెద్దగా చలించలేదు. వెనక వరసలవాళ్లు లేచి నిలబడ్డారు.

సల్ఫైట్ విడిగా దొరికిన ఆంథోసయనిన్‌ని పట్టుకుని రంగు పోగొడుతుంది. పాత వైన్‌లో అవి విడిగా ఎక్కడున్నాయి? వగరునిచ్చే టానిన్లతోనూ పైరూవిక్ ఆమ్లంతోనూ ముడిపడి, సల్ఫైట్‌కి తేలిగ్గా లొంగని కొత్త రంగులైపోయాయి.

ఇక్కడ ప్రసంగంలోకి శాస్త్రవేత్త పాశ్చర్ వచ్చాడు. వచ్చినవాడు ఇరవై నిమిషాలు కదల్లేదు. ఫ్రెంచి వైన్లు పాడవుతున్నాయని 1863లో మూడో నెపోలియన్ ఆయన్ని పురమాయించడం, 1866లో పుస్తకం, అన్నీ అయ్యాయి. మేష్టారికి ప్రాణమైనవి మాత్రం పాశ్చర్ ప్రయోగం చేసిన గాజు గొట్టాలు. వైన్ నిండుగా నింపి మూతి కరిగించి మూసిన గొట్టంలో రంగు మారలేదు. సగమే నింపిన దాంట్లో, పైన గాలి ఉండేసరికి, రంగు మారి అడుగున మడ్డి దిగింది. ఆక్సిజన్ వల్ల ఆల్కహాల్ కొంత ఎసిటాల్డిహైడ్ అయి, రంగుకీ టానిన్‌కీ మధ్య వంతెన కడుతుంది. ‘అయితే గాలి లేకపోయినా ఆ రెండూ మెల్లగా కలుస్తాయి. పాశ్చర్‌కి ఆ సంగతి అందలేదు, పాపం.’

నిర్వాహకులు గంట కొట్టారు. మిగిలింది పరుగే. మడ్డి పాడైన గుర్తు కాదు, బరువెక్కి దిగిన రంగూ టానినూ. ముదురు రంగుంటే మేలురకమన్నది ఒట్టిమాట. చాలా వైన్లు ఒకట్రెండేళ్లలో తాగేయాల్సినవే. దాచదగ్గవాటికి కావలసింది పన్నెండు పదమూడు డిగ్రీల నేలమాళిగ.

ముందు వరసలో పెద్దాయన లేచారు. గోవా నుంచి తెచ్చిన సీసా ఎనిమిదేళ్లుగా బీరువాలో ఉందట.

‘బీరువా ఎక్కడుందండీ?’

‘మేడ మీద, పడమటి గదిలో.’

మేష్టారు గ్లాసులు సర్దుకున్నారు.