బాపు ఓమ్ని, నాలుగు చుక్కల ఆయిల్
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యవర్గం వారు నన్ను 'ఇంజినీరుగా నా అనుభవాలు' మీద మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్లుగా పంపుల సీళ్లతోనే నా ఉద్యోగం. ఎక్కడా చుక్క కారకుండా చూడడమే పని. అందుకే, మొన్న ఎండాకాలం మా వాకిట్లో కారిన నాలుగు చుక్కల గురించే చెప్తాను.

మా బాపు ఓమ్ని మీలో చాలామందికి తెలుసు. పసుపు కొమ్ముల సంచులు, పెండ్లివాళ్లు, ఒక్కోసారి మేకలు కూడా దాంట్లోనే పోయేవి. 1984లో మారుతి వ్యాన్‌గా వచ్చి, తర్వాత ఓమ్ని అయి, 2019 దాకా తయారైన బండి అది. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్. అది ముందు సీట్ల కిందనే ఉంటుంది. అంటే ఆయిల్ కాలితే వాసన నేరుగా మన ముక్కుకే. అమ్మను నిజామాబాద్ తీసుకుపోతుంటే ఆ వాసనే వచ్చింది. ఇంటికొచ్చి బండి కింద అట్టముక్క పరిచాను. తెల్లారేసరికి నాలుగు నల్లమచ్చలు.

కింద దూరి చూస్తే ఆయిల్ చాంబర్ చుట్టూ తడి. ఇంకేం, దాని బోల్టులన్నీ బలంకొద్దీ బిగించేశాను. మర్నాడు మచ్చలు తొమ్మిదయ్యాయి. ప్యాకింగ్ నలిగి బయటికి వచ్చింది, రేకు అంచు బోల్టుల దగ్గర వంగింది. పంపు కవర్లు అతిగా బిగించొద్దని కుర్ర ఇంజినీర్లను కసిరేవాణ్ని నేనే!

పక్కింటి పెద్దాయన "ఇంత పసుపు పోయరాదు బిడ్డా" అన్నాడు. నవ్వకండి. రేడియేటర్ సన్నగా కారితే డ్రైవర్లు నిజంగానే పసుపు వేస్తారు. ఆ పొడి నీళ్లతో తిరిగి పగులులో ఇరుక్కుంటుంది, ఊరు చేరేదాకా ఆగుతుంది. ఇంజిన్ ఆయిల్‌లో మాత్రం వేయకూడదు. జల్లెడ మూసుకుపోతే బేరింగులకు ఆయిల్ అందదు, ఇంజిన్ పట్టేస్తుంది.

చివరికి మన బ్యాచ్ మిత్రుడికి ఫోన్ చేశాను. తొమ్మిదిలో బడి మానేసి మెకానిక్ దగ్గర చేరినవాడు. వచ్చి, వంగి చూసి, "నూనె కిందికి కారుతది గని పుట్టేది పైన గదరా. కింద బిగిస్తే ఏమొస్తది?" అన్నాడు.

ముందు ఇంజినంతా కిరసనాయిలు, బ్రష్‌తో కడిగించి ఆరబెట్టించాడు. అమ్మ ముఖానికి పూసుకునే పౌడరు తెప్పించి పైనంతా చల్లాడు. పావుగంట ఇంజిన్ నడిపితే, తెల్లటి పౌడరు మీద ట్యాపెట్ కవర్ వెనక మూల నుంచి నల్లగీత దిగింది. కొంత సైలెన్సర్ గొట్టం మీదికి, మిగిలింది చాంబర్ దాకా.

నేనైతే ఆ ప్యాకింగ్ మార్చి ఊరుకునేవాణ్ని. అతను బ్రీదర్ పైపు ఊడదీసి నోటితో ఊదమన్నాడు. గాలి పోలేదు. లోపలంతా జిగట మడ్డి. పిస్టన్ల పక్కనుంచి కిందికి జారే గ్యాసుకు ఆ దారే మూసుకుపోతే, లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ ప్యాకింగ్ బలహీనంగా ఉంటే అక్కడ ఆయిల్‌ను బయటికి నెడుతుంది. ఈ పాఠం మన సైన్సు సారు సైకిలు పంపుతో చెప్పిందే. నేను పరీక్షలో రాసి వచ్చాను, అతను గుర్తుపెట్టుకున్నాడు.

పైపు శుభ్రం చేశాం. పాత ప్యాకింగ్‌ను స్క్రూడ్రైవర్‌తో కాకుండా చెక్కముక్కతో గీకాం. అల్యూమినియం మీద గీత పడితే అదే మళ్లీ కారే దారి. నేను వంచిన చాంబర్ అంచును దిమ్మ మీద పెట్టి సుత్తితో నెమ్మదిగా సాపు చేశాడు. రెండు చోట్లా కొత్త ప్యాకింగులు వేశాం. కవర్ బిగించేటప్పుడు పొడుగు పానా నా చేతిలోంచి లాక్కుని పొట్టిది ఇచ్చాడు. బండి కింద దూరేటప్పుడు ఒక్క జాకీని నమ్మొద్దని మొద్దులు పెట్టించాడు. అట్టముక్క ఇప్పటికీ పొడిగానే ఉంది.

పైసలు తీసుకోలేదు. స్వర్ణోత్సవానికి వస్తున్నావా అంటే, "నేను టెన్త్ రాయలే గదరా, నా పేరు మీ లిస్టుల ఉండది" అన్నాడు. చూశాను. నిజంగానే లేదు. పదో తరగతి రిజిస్టరు చూసి జాబితా చేశారట.

అతని సభ్యత్వ రుసుము నేను కట్టాను. రశీదులో 'ఉత్తీర్ణులైన సంవత్సరం' అన్న గడి ఖాళీగా ఉంది. అందులో ఏం రాయాలో కార్యవర్గం వారు ఇవాళే చెప్పాలని నా మనవి.